న్యూరోసర్జరీ అవే రొటేషన్లు: ఎక్కడికి వెళ్లాలి, ఎప్పుడు వెళ్లాలి

అమెరికాలో వైద్యవిద్య నాలుగో సంవత్సరంలో అడుగుపెడుతూ న్యూరోసర్జరీ (మెదడు, నరాల శస్త్రచికిత్స) రెజిడెన్సీకి, అంటే పట్టా తరువాత ఆసుపత్రిలో పొందే శిక్షణకు, దరఖాస్తు చేయదలచిన విద్యార్థి, సొంత కళాశాల ఆసుపత్రిని దాటి మరెక్కడ నెల రోజుల చొప్పున పనిచేయాలో ముందుగా తేల్చుకోవాలి. వీటిని అవే రొటేషన్లనీ, సబ్-ఇంటర్న్‌షిప్‌లనీ, ఆసుపత్రి వాడుకలో ‘సబ్-ఐ’లనీ అంటారు. ఈ శాఖలో దేశమంతటా ఏటా భర్తీ అయ్యే స్థానాలు సుమారు 240. వాటిని 110కి పైగా ప్రోగ్రాములు పంచుకుంటాయి కనుక ఒక్కొక్క చోట ఏడాదికి తీసుకునేది ఒకరినో, ఇద్దరినో, ముగ్గురినో మాత్రమే. ఎంపికైన వ్యక్తితో 7 సంవత్సరాలు రాత్రింబవళ్లు కలిసి పనిచేయాలి కాబట్టి, కాగితం మీది అర్హతలతో పాటు ఆ మనిషిని దగ్గరగా చూసిన వారి మాటకు ఇక్కడ ఎంతో విలువ ఉంటుంది. 2022 జనవరి నుంచి అమెరికా వైద్య లైసెన్సు పరీక్షల్లో మొదటిదైన స్టెప్ 1కు మార్కులు పోయి పాస్, ఫెయిల్ మాత్రమే మిగలడంతో ఆ విలువ మరింత పెరిగింది.

మన రాష్ట్రాలలో ఎంసీహెచ్ అనే సూపర్ స్పెషాలిటీ సీటు నీట్-ఎస్‌ఎస్ ప్రవేశ పరీక్ష ర్యాంకును బట్టి కౌన్సెలింగులో వస్తుంది. ఆ పద్ధతికి అలవాటుపడిన తల్లిదండ్రులు “స్కోరు బాగానే ఉంది కదా, ఊరూరూ తిరగడం ఎందుకు?” అని అడగడం సహజమే. అమెరికాలో సీటును అభ్యర్థి ఒక్కడే ఎంచుకోడనీ, అవతలివారు కూడా అతన్ని ఎంచుకోవాలనీ, ఈ నెల రోజులూ నిజానికి సుదీర్ఘమైన ఇంటర్వ్యూ అనీ వారికి ముందే చెప్పడం మంచిది.

అందుచేత చోటును ఎంచుకునేటప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న “ఆ ఆసుపత్రికి ఎంత పేరుంది?” అన్నది కాదు, “అక్కడ నా పనిని ఎవరు చూస్తారు, ఎన్ని రోజులు చూస్తారు?” అన్నది. పేరు ఎంతగా తప్పుదోవ పట్టించగలదో బోస్టన్‌ను చూస్తే తెలుస్తుంది. ‘హార్వర్డ్‌లో సబ్-ఐ చేశాను’ అనే మాటకు అర్థం స్పష్టంగా ఉండదు, ఎందుకంటే మసాచుసెట్స్ జనరల్, బ్రిగమ్ అండ్ విమెన్స్ రెండూ హార్వర్డ్ బోధనాసుపత్రులే అయినా వాటి న్యూరోసర్జరీ రెజిడెన్సీలు చాలాకాలం వేర్వేరుగా నడిచాయి. ఒకచోట చేసిన పని రెండోచోట ఎవరి కంటా పడేది కాదు.

మొదటి నెల సొంత ఆసుపత్రిలోనే చేయాలి. రోగుల జాబితా సిద్ధం చేయడం, తెల్లవారుజామున నరాల పరీక్ష త్వరగా, తప్పు లేకుండా చేయడం, డ్రెస్సింగ్ మార్చడం, కుట్లు వేయడం వంటివన్నీ అక్కడ నేర్చుకుంటే పొరపాట్లను మన్నించేవారు ఉంటారు. ఆ నెల చివర విభాగాధిపతినీ, ప్రోగ్రాం డైరెక్టర్‌నూ విడిగా కలిసి, తన స్థాయికి ఏ ప్రోగ్రాములు తగినవో, ఏవి ఆశకు మించినవో నిర్మొహమాటంగా చెప్పమని అడగాలి. ఈ శాఖ చిన్నది, పెద్దలంతా ఒకరికొకరు తెలిసినవారే. అందువల్ల ఎక్కడికి వెళ్లాలో చెప్పడంతో పాటు, అవసరమైతే అక్కడి వారితో ఒక మాట అనగలిగిన వారు కూడా వీరే. సొంత కళాశాలకు న్యూరోసర్జరీ విభాగమే లేని విద్యార్థులు దగ్గరలోని ఒక ప్రోగ్రాంను ముందుగానే ఆశ్రయించి, దాన్నే తమ ‘ఇల్లు’గా చేసుకోవాలి.

సంఖ్య విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: బయటి రొటేషన్లు రెండు చాలు. మూడో దానికి వచ్చేసరికి శరీరం అలసిపోతుంది, ఆ అలసట అవతలివారికి కనబడుతుంది. 2020లో కోవిడ్ వల్ల బయటి రొటేషన్లు దాదాపుగా ఆగిపోయినప్పటి నుంచి ఈ సంఖ్యపై సూచనలు మారుతూ వచ్చాయి కాబట్టి, తమ సంవత్సరానికి సొసైటీ ఆఫ్ న్యూరలాజికల్ సర్జన్స్ ఏమి చెప్పిందో, సొంత కళాశాల ఎన్నింటిని అనుమతిస్తుందో చూసుకోవాలి.

ఆ రెండూ ఒకే రకానికి చెందినవి కాకుండా చూసుకోవడం మేలు. సియాటిల్‌లోని హార్బర్‌వ్యూ వాషింగ్టన్‌కే కాక అలాస్కా, మోంటానా, ఐడహో రాష్ట్రాలకు కూడా ట్రామా కేంద్రం, అంటే తీవ్ర గాయాలకు చికిత్స చేసే ఆసుపత్రి. అట్లాంటాలో ఎమరీ విద్యార్థులు పనిచేసే గ్రేడీ, డల్లాస్‌లోని పార్క్‌లాండ్ కూడా ప్రమాద బాధితులు నిరంతరం వచ్చే పెద్ద ప్రజా ఆసుపత్రులే. అర్ధరాత్రి సబ్‌డ్యూరల్ (మెదడు పైపొర కింది) రక్తపుగడ్డతో వచ్చిన రోగి దగ్గర రెజిడెంటుకు నిజంగా తోడ్పడే అవకాశం ఇలాంటి చోట దొరుకుతుంది. ఫీనిక్స్‌లోని బ్యారో, మెదడు రక్తనాళాల, కపాలపు అడుగుభాగపు శస్త్రచికిత్సలకు పేరుపొందిన పెద్ద కేంద్రం. అక్కడ చూసి నేర్చుకోగలిగింది అపారం, కానీ అలాంటి చోటికి విద్యార్థులు కూడా ఎక్కువగానే పోటీపడతారు. మెంఫిస్‌లో యూనివర్సిటీ ఆఫ్ టెనెస్సీ రెజిడెన్సీ సెమ్స్-మర్ఫీ అనే ప్రైవేటు వైద్యబృందంతో ముడిపడి నడుస్తుంది కాబట్టి, విశ్వవిద్యాలయ విభాగానికి భిన్నమైన వాతావరణం కనిపిస్తుంది. తనకు ఏ జీవితం సరిపడుతుందో తెలుసుకోవడానికి ఈ తేడాలను ఒక నెల పాటు అనుభవించడం కంటే మంచి మార్గం లేదు.

చోట్లు నాలుగైదుకు తగ్గిన తరువాత, ప్రోగ్రాముల వెబ్‌సైట్లను నమ్ముకోకుండా అక్కడి జూనియర్ రెజిడెంట్లతో మాట్లాడాలి. అన్నిటికంటే ఉపయోగపడే ప్రశ్న ఇది: “ఇప్పుడున్న రెజిడెంట్లలో ఎంతమంది విద్యార్థులుగా ఇక్కడే సబ్-ఐ చేసి వచ్చారు?” సగానికి పైగా అయితే ఆ ప్రోగ్రాం తాను చూసినవారినే తీసుకుంటుందని అర్థం, కాబట్టి అక్కడికి రావాలనుకునేవారు ఆ నెల తప్పక చేయాలి. ఒక్కరూ లేకపోతే, అక్కడ నెల రోజులు చెమటోడ్చడం చదువుకు పనికొస్తుందేమో గాని మ్యాచ్‌కు, అంటే అభ్యర్థులనూ ప్రోగ్రాములనూ జతచేసే తుది ఎంపికకు, అంతగా పనికిరాదు. ఒకే నెలలో ఎంతమంది విద్యార్థులను తీసుకుంటారు అన్నది తరువాతి ప్రశ్న: ఇద్దరిలో ఒకరిగా ఉండటానికీ, ఆరుగురిలో ఒకరిగా ఉండటానికీ చాలా తేడా ఉంది. విద్యార్థి ఒకే అటెండింగ్ (సీనియర్ సర్జన్) దగ్గర కనీసం రెండు వారాలు ఉంటాడా, రోజుకొకరి వెంట తిరుగుతాడా, నెలాఖరున విభాగం ముందు ప్రసంగం ఉంటుందా, విభాగాధిపతి విద్యార్థులను స్వయంగా కలుస్తారా అన్నవి కూడా అడగాలి. రోజుకొకరి వెంట తిరిగిన విద్యార్థికి వచ్చే సిఫారసు లేఖలో ‘కష్టపడే స్వభావం’ అన్న మాట తప్ప మరేమీ ఉండదు.

కాలక్రమం కూడా ఎంపికలో భాగమే. వీఎస్‌ఎల్‌ఓ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా దరఖాస్తులు వసంతకాలంలో మొదలవుతాయి. టీకాల రికార్డు, నేరచరిత్ర తనిఖీ, మాస్క్ ఫిట్ పరీక్ష వంటి కాగితాలు అప్పటికే సిద్ధంగా ఉండాలి. రెజిడెన్సీ దరఖాస్తులు ప్రోగ్రాములకు సెప్టెంబరు చివర చేరతాయి గనుక, లేఖ ఆశించే రొటేషన్లు జూలై, ఆగస్టుల్లో పూర్తికావడం మంచిది. అన్నిటికంటే కోరుకునే చోటును బయటి రొటేషన్లలో మొదటిదిగా పెట్టుకోకూడదు. కొత్త ఆసుపత్రిలో కొత్త కంప్యూటర్ వ్యవస్థతో తడబడటం మరొకచోట జరిగిపోవాలి. సెప్టెంబరు చివర, అక్టోబరులో చేసే నెల లేఖకు ఆలస్యమైనా, ముఖపరిచయానికి పనికొస్తుంది.

బస గురించి ఒక మాట. డల్లాస్ శివారు ఫ్రిస్కోలో పిన్నిగారింట్లో దిగి రోజూ పార్క్‌లాండ్‌కు వెళ్లివద్దామన్న ఆలోచన వినడానికి బాగుంటుంది. పప్పు, పచ్చడి, ఇస్త్రీ బట్టలు అన్నీ దొరుకుతాయి. కానీ దూరం దాదాపు 30 మైళ్లు, రౌండ్లకు ముందు జాబితా సిద్ధం చేయడానికి ఆసుపత్రిలో ఉండవలసింది తెల్లవారుజామున 5 గంటల లోపు. నడిచి వెళ్లగలిగినంత దగ్గరలో గది తీసుకుని, పిన్నిగారింటికి సెలవు దొరికిన ఆదివారం వెళ్లడమే తెలివైన పని.

ఆంధ్ర, తెలంగాణల్లో ఎంబీబీఎస్ చదివినవారి దారి వేరు. పట్టా చేతికి వచ్చిన తరువాత చాలా ప్రోగ్రాములు సబ్-ఇంటర్న్‌గా తీసుకోవు. దొరికేది అబ్జర్వర్‌షిప్, అందులో రోగిని ముట్టుకునే అవకాశం ఉండదు. ఇంకా విద్యార్థిగా ఉన్నప్పుడే ఎలక్టివ్‌కు (విద్యార్థి తానే ఎంచుకుని చేసే రొటేషన్‌కు) ప్రయత్నించాలి, హౌస్ సర్జన్సీని విద్యార్థి దశగా లెక్కిస్తారో లేదో అవతలి సంస్థను ముందే అడగాలి. పట్టభద్రులకు నెల రోజుల అబ్జర్వర్‌షిప్‌లు మూడు నాలుగు చేయడం కంటే, ఒకే విభాగంలో ఏడాదో రెండేళ్లో పరిశోధకుడిగా ఉండటం మేలని నా అభిప్రాయం. అక్కడా అదే ప్రశ్న వేసుకోవాలి: మార్గదర్శకుడు ప్రయోగశాలకే పరిమితమైన వ్యక్తా, రెజిడెంట్ల ఎంపికలో మాట చెల్లే సర్జనా?

ఏ చోటికైనా ఒప్పుకున్న తరువాత వెళ్లలేని పరిస్థితి వస్తే, సమన్వయకర్తకు వీలైనంత ముందుగా, కారణం చెబుతూ రాయాలి. ఆ నెల స్థానం కోసం వేచి ఉన్న మరో విద్యార్థికి అది దక్కుతుంది. చెప్పకుండా మానేసిన పేరు మాత్రం ఆ విభాగంలో చాలాకాలం గుర్తుంటుంది.