విచ్చుకుపోయే కొక్కేలు: నా అనుభవం

మట్టి జుంకాలు చేస్తుంటాను. వాటిని చెవికి తగిలించేందుకు కొన్న కొక్కేలు నెల తిరగకముందే నల్లబడుతుంటే విసుగొచ్చి, 0.8 మి.మీ. వెండి తీగ తెచ్చి నేనే వంచాను. మొదటి జత ముచ్చటగానే వచ్చింది. జుంకా తగిలించానో లేదో, బరువుకు వంపు విచ్చుకుపోయింది!

మెత్తని తీగను అలాగే వదిలేయడం నా పొరపాటు. వెండి దెబ్బలు తినేకొద్దీ బిరుసెక్కుతుంది. ఇప్పుడు తీగను లావుపాటి పెన్ను చుట్టూ వంచాక, వంపును ఇనుప దిమ్మ మీద ఆనించి చిన్న సుత్తితో మెల్లగా తడుతున్నాను. ఉత్సాహం ఎక్కువై మరీ చదును చేస్తే మాత్రం అంచు తేలి చెవిని కోస్తుంది. కొసను ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, నా చెవికే పెట్టి చూసుకుంటాను.

జతకు కావలసిన రెండు తీగ ముక్కలూ ముందే సమానంగా కత్తిరించుకోండి. ఒకటి వంచాక రెండోది కొలిచి మూడు జతలు పాడుచేశాను.