గుల్‌మార్గ్‌లో తొలిసారి స్కీయింగ్: బయల్దేరే ముందు

డిసెంబరు 21న కశ్మీర్‌లో చిల్లై కలాన్ మొదలవుతుంది. 40 రోజుల గట్టి చలి. మనవాళ్ల గుల్‌మార్గ్ టికెట్లు కూడా క్రిస్మస్, సంక్రాంతి సెలవులు చూసుకుని సరిగ్గా ఆ రోజుల్లోనే పడతాయి. లంబసింగి చలి చూసినవాళ్లం కదా అని ధైర్యంగా వెళ్తాం. మా తమ్ముడూ నేనూ అలాగే వెళ్లాం. అక్కడ నన్ను చలి కంటే ఎక్కువ భయపెట్టింది మన తొందర. ఉన్నది మూడు రోజులు, అన్నీ చూసేయాలన్న ఆరాటం.

ఆ తొందర మొదటి రోజే దెబ్బతీస్తుంది. హైదరాబాద్ ఎత్తు 500 మీటర్ల పైచిలుకు. పొద్దున ఇక్కడ టిఫిన్ తిని, సాయంత్రానికి దాదాపు 2,650 మీటర్ల మీద ఉంటాం. 2,500 దాటితే కొందరికి తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. గండోలా (తీగల మీద నడిచే కేబుల్ కారు) రెండో దశ ఎక్కితే అఫర్వత్ కొండ మీద దాదాపు 3,900 మీటర్లకు చేరతాం. అందుకే పైదశ టికెట్ చివరి రోజుకు పెట్టుకోండి. మొదటి రోజు మెల్లగా నడవండి, నీళ్లు బాగా తాగండి, మద్యం జోలికి వెళ్లకండి. నడక తూలినా, మాట తడబడినా, ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తున్నా ఆలస్యం చేయకుండా కిందికి దింపి డాక్టరుకు చూపించాలి. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఇంటి దగ్గరే డాక్టరును అడిగి బయల్దేరాలి.

బట్టల్లో ఒక్కటే చెప్తాను: జీన్స్ వద్దు. కాటన్ ఒకసారి తడిస్తే ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది. సాక్సులు కూడా రెండు జతలు బిగించి తొడగొద్దు. రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. ఉన్ని సాక్సులు ఒక జత చాలు. కొత్తగా కురిసిన మంచు ఎండను 80 శాతం దాకా కళ్లలోకి తిప్పికొడుతుంది కాబట్టి మబ్బు పట్టినా చలువ కళ్లజోడు తీయకండి.

స్కీలు అద్దెకు ఇచ్చేవాళ్లు బరువు, ఎత్తు అడుగుతారు. సిగ్గుపడి తగ్గించి చెప్పొద్దు. పడినప్పుడు బూటు స్కీ నుంచి ఊడి రావాలంటే ఎంత బిగించాలో ఆ లెక్కను బట్టే ఉంటుంది. ఊడాల్సిన చోట ఊడకపోతే మోకాలు పోతుంది. హెల్మెట్ అడిగి తీసుకోండి. గురువు ముందు ఆపడం నేర్పిస్తారు: స్కీల ముందు కొసలు దగ్గరకు, వెనక కొసలు దూరంగా. అది ఒంటికి పట్టేదాకా కొత్తవాళ్లు నేర్చుకునే చిన్న వాలు వదలొద్దు. మీకు కిందివైపు ఉన్నవాళ్లకు వెనక ఏమొస్తోందో కనపడదు, తప్పుకోవాల్సింది మీరే. పడి జారుతూ ఉండగా లేవబోవద్దు, పూర్తిగా ఆగాకే లేవండి. మా తమ్ముడు పడుతూ చేతిలోని స్కీ కర్రను గట్టిగా పట్టుకునే ఉన్నాడు. చేతి బొటనవేలు వెనక్కి మెలిక పడి వాచింది, నెల రోజులు కట్టు. పడుతున్నామని తెలియగానే కర్ర వదిలేయాలి.

అఫర్వత్ మీద తాడు కట్టి ఉంటే అవతలికి ఒక్క అడుగు కూడా వద్దు. 2023 ఫిబ్రవరి 1న అక్కడ మంచుచరియ విరిగిపడి పోలండ్ నుంచి వచ్చిన ఇద్దరు స్కీయర్లు చనిపోయారు. బాగా మంచు కురిసిన మరుసటి రోజు కొండ ఎంత అందంగా ఉంటుందో అంత ప్రమాదం కూడా. మంచు కింద కూరుకుపోయిన మనిషికి ఉండేది నిమిషాలే, పక్కనున్నవాళ్లు తవ్వి తీయాల్సిందే.

అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్నది రాత్రి సంగతి. బుఖారీ (గదిలో పెట్టే కట్టెల పొయ్యి), కాంగ్డీ (చేత్తో పట్టుకునే నిప్పుల కుంపటి), గ్యాస్ హీటర్ ఏదైనా సరే, తలుపులు బిగించిన గదిలో వెలిగితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి. కొండ ఎక్కినందుకు వచ్చే లక్షణాలూ అవే కాబట్టి పొరపడి నిద్రపోతారు. మాకూ ఒక రాత్రి అలాగే అయింది. గ్యాస్ హీటర్ వెలిగించి తలుపేసుకున్నాం. గంటకే ఇద్దరికీ ఒకేసారి తల పగిలిపోయేలా నొప్పి. ఆ 'ఒకేసారి'నే గుర్తుపెట్టుకోండి. గదిలో ఉన్నవాళ్లందరికీ కలిసి వచ్చిందంటే ముందు అందరూ బయటికి రావాలి, తర్వాతే మిగతా ఆలోచన. బయటికి వచ్చాక ఆస్పత్రికి వెళ్లాలి. పడుకునే ముందు మంట ఆర్పేసి, రజాయి మీద ఇంకో రజాయి కప్పుకోండి.

మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు, కుటుంబంలో ఒకరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. మంచు ఎక్కువైతే గుల్‌మార్గ్ కింద ఉన్న టంగ్‌మార్గ్ ఊరి దగ్గర టైర్లకు గొలుసులు లేని బండ్లను పైకి పంపరు. డ్రైవర్ వద్దంటే బతిమాలొద్దు. శ్రీనగర్‌లో విమానాలు కూడా రద్దవుతుంటాయి, అందుకే తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి.