వీధిలో వదిలేసిన బండిని తీయించడం ఎలా? అది మీదే అయితే వదిలించుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో ఏ కాలనీకి వెళ్లినా ఇలాంటి బండి ఒకటి కనిపిస్తుంది. నాలుగు టైర్లలోనూ గాలి ఉండదు. వెనక అద్దం మీద దుమ్ములో పిల్లలు వేలితో పేర్లు రాసి ఉంటారు. కొత్తగా తారు వేసినప్పుడు రోలర్ దాని చుట్టూ తిరిగి వెళ్లిపోయింది కాబట్టి బండి కింద మాత్రం ఇంకా పాత రోడ్డే ఉంటుంది. కార్పొరేషన్‌కి ఫోన్ చేస్తే పోలీసులకు చెప్పమంటారు. పోలీసుల దగ్గరికి వెళితే కార్పొరేషన్‌ని అడగమంటారు.

చట్టంలో లోటేమీ లేదు. చాలాసార్లు ఫిర్యాదు వెళ్లాల్సిన చోటికి వెళ్లకపోవడం వల్లే పని ఆగిపోతుంది.

1. నిజంగా వదిలేసిన బండేనా?

దుమ్ము పట్టినంత మాత్రాన వదిలేసినట్టు కాదు. ఓనర్ దుబాయ్‌లో ఉండొచ్చు, ఆస్పత్రిలో ఉండొచ్చు. ముందు పక్కన కిరాణా కొట్టులో, వాచ్‌మన్ దగ్గర అడగండి. సగం కథ అక్కడే తేలుతుంది. దగ్గర్లో మెకానిక్ షెడ్డు ఉంటే అక్కడ తప్పకుండా అడగండి. రిపేరుకి ఇచ్చి, బిల్లు చూసి మళ్లీ రాని కస్టమర్ల బండ్లను షెడ్డువాళ్లు రోడ్డు మీదకు తోసేయడం మామూలే.

తర్వాత బండ్ల వివరాలు చూపించే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి చూడండి. ఓనర్ పేరు పూర్తిగా కనిపించదు కానీ ఏ ఆర్టీఏ ఆఫీసులో రిజిస్టర్ అయిందో, ఇన్సూరెన్స్ ఎప్పటివరకు ఉందో తెలుస్తుంది. ఇన్సూరెన్స్ అయిపోయి ఏళ్లు గడిచాయంటే మీ అనుమానం చాలావరకు నిజమే. ఆ వివరాలను కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఫిర్యాదులో రాయడానికి ఉంటే చాలు.

నంబర్ ప్లేటు పీకేసి ఉన్నా, లోపల అనుమానాస్పదంగా ఏదైనా కనిపించినా చేయి పెట్టకుండా 100కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. దొంగ బండి అయి ఉండొచ్చు.

2. ఉన్నది ఎవరి స్థలంలో?

అందరూ తికమకపడేది ఇక్కడే. బండి రోడ్డు మీదో, ఫుట్‌పాత్ మీదో ఉంటే అది ట్రాఫిక్ పోలీసుల పని. మోటారు వాహనాల చట్టం 1988లోని 127వ సెక్షన్ ప్రకారం, బహిరంగ ప్రదేశంలో 10 గంటలు అంతకన్నా ఎక్కువసేపు వదిలేసిన బండిని టో చేయించే అధికారం యూనిఫాంలో ఉన్న, ఆ ఏరియా పోలీసు అధికారికి ఉంది. అవును, 10 గంటలే! పదేళ్లుగా పడి ఉన్న బండి గురించి ఫిర్యాదు చేయడానికి మొహమాటపడక్కర్లేదు. టో చేసిన ఖర్చు ఓనరే కట్టాలి, మీ జేబులోంచి రూపాయి పోదు.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంటే లెక్క వేరు. అక్కడికి ట్రాఫిక్ క్రేన్ రాదు. అసోసియేషన్ మీటింగులో తీర్మానం రాసుకుని, బండి ఓనర్‌కో, ఆ ఫ్లాట్ యజమానికో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి. గడువు దాటినా కదలకపోతే ఆ కాగితాలతో లా అండ్ ఆర్డర్ స్టేషన్‌లో లిఖితపూర్వకంగా చెప్పాలి. ఓపిక పట్టలేక బండిని గేటు బయటకి నెట్టేయడం, పాత ఇనుము వాళ్లకి అమ్మేయడం మాత్రం చేయకండి. ఎంత తుక్కయినా అది వేరేవాళ్ల ఆస్తి. ఓనర్ తిరిగొస్తే దొంగతనం కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

3. ఫిర్యాదు ఇలా రాయండి

ఉత్త మాటగా చెప్తే నిలవదు, కాగితం ఇవ్వండి. అది మీ ఏరియా ట్రాఫిక్ పోలీస్ స్టేషన్ ఇన్‌స్పెక్టర్ పేరున ఉండాలి. పెద్దగా అక్కర్లేదు, ఇంత చాలు:

“మా వీధిలో ఫలానా గుడి ఎదురుగా, ఫలానా నంబరు గల తెల్ల కారు ఏడాదికి పైగా కదలకుండా ఉంది. టైర్లు పూర్తిగా పాడయ్యాయి. దీనివల్ల స్కూల్ బస్సు, అంబులెన్స్ తిరగడానికి వీల్లేకుండా ఉంది. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం తొలగించవలసిందిగా కోరుతున్నాం.”

కింద నలుగురైదుగురు ఇంటి నంబర్లతో సంతకాలు పెట్టండి. తేదీ కనిపించే ఫొటోలు రెండు జత చేయండి. ఒకటి నంబర్ ప్లేటుది, ఇంకోటి దారికి ఎంత అడ్డంగా ఉందో చూపించేది. రసీదు తీసుకోకుండా స్టేషన్ బయటకు రాకండి.

అదే రోజు మున్సిపాలిటీకి కూడా ఫిర్యాదు పెట్టండి, కానీ వేరే కోణంలో. జీహెచ్ఎంసీ యాప్‌లో, ఆంధ్రాలో అయితే పురమిత్ర యాప్‌లో ‘కారు తీయండి’ అంటే పోలీసుల వైపు చూపిస్తారు. ‘బండి కింద చెత్త పేరుకుపోయింది, టైర్లలో నీళ్లు నిలిచి దోమలు పెరుగుతున్నాయి’ అని రాస్తే అది శానిటేషన్, దోమల విభాగాల పని అవుతుంది. ఇదేమీ అబద్ధం కాదు. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది ఇలా నిలిచిన నీళ్లలోనే. రెండు వైపుల నుంచీ ఒత్తిడి ఉంటే పని కదులుతుందని నా నమ్మకం.

4. టో చేశాక ఏమవుతుంది?

బండి యార్డుకి చేరాక ఇంజిన్, ఛాసిస్ నంబర్లతో ఓనర్‌ని వెతుకుతారు. దొంగ బండి అయితే కేసులో భాగమై కోర్టు చేతికి వెళుతుంది. ఎవరూ రాకపోతే ప్రకటన ఇస్తారు. సైబరాబాద్ పోలీసులు ఇలాంటి బండ్ల జాబితా విడుదల చేసి, హక్కు గానీ అభ్యంతరం గానీ ఉన్నవాళ్లు ఆరు నెలల్లోగా కమిషనర్‌కి దరఖాస్తు చేసుకోవాలని చెప్తారు. ఫైనాన్స్ కంపెనీలకూ ఆ గడువే. తర్వాత వేలం. స్టేషన్ల ముందు బండ్లను ఏళ్ల తరబడి ఎండకు ఎండబెట్టవద్దని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. అయినా ఏ స్టేషన్ ముందు చూసినా ఏం కనిపిస్తుందో మీకు తెలుసు.

ఆ జాబితాలో మీ బండే కనిపిస్తే ఆర్సీ, ఇన్సూరెన్స్, ఆధార్ పట్టుకుని వెళ్లండి. పెండింగ్ చలాన్లు కట్టాల్సి వస్తుంది.

5. మీ బండే అయితే

ఇంటి ముందు తుప్పు పడుతున్నది మీ బండేనా? అసలు పని ఇక్కడే ఉంది, ఎందుకంటే బండి తుక్కైనా దాని నంబరు బతికే ఉంటుంది. పాత ఇనుము కొట్టులో అమ్మేసి ఊరుకుంటే ఆర్సీ మీ పేరునే ఉండిపోతుంది. రేపు ఆ నంబర్ ప్లేటు ఇంకో బండికి తగిలించి ఎవరైనా యాక్సిడెంట్ చేస్తే పోలీసులు ముందు మీ ఇంటికే వస్తారు. అమ్మేసిన బండి అయినా, రికార్డుల్లో ఎవరి పేరు ఉంటే వాళ్లే పరిహారం విషయంలో ఓనర్ అని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చేసింది.

అందుకే ప్రభుత్వం గుర్తించిన స్క్రాపింగ్ కేంద్రానికే ఇవ్వండి. 2021 నాటి నిబంధనల ప్రకారం బండి ఎక్కడ రిజిస్టర్ అయినా దేశంలో ఏ గుర్తింపు కేంద్రంలోనైనా ఇవ్వొచ్చు. పరివాహన్ వెబ్‌సైట్‌లో దగ్గరలోని కేంద్రాలు చూసి ఒకటికి రెండుచోట్ల ధర అడగండి. ఇనుము బరువు, రేటును బట్టి ఇస్తారు కాబట్టి మీరు అనుకున్నంత రాదు, ముందే సిద్ధపడండి. ఫైనాన్స్ ఉంటే ముందు ఆ కంపెనీ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవాలి. దొంగ బండి కాదని వాళ్లు రికార్డులు చూసుకున్నాకే తీసుకుంటారు.

అప్పగించగానే డిపాజిట్ సర్టిఫికెట్, తుక్కు చేశాక స్క్రాపింగ్ సర్టిఫికెట్ వస్తాయి. మొదటిది భద్రం. కొత్త బండి కొన్నప్పుడు సొంత వాహనాలకు పన్నులో 25 శాతం దాకా, రవాణా వాహనాలకు 15 శాతం దాకా రాయితీకి కేంద్రం వీలు కల్పించింది. ఎంత ఇవ్వాలన్నది రాష్ట్రం ఇష్టం కాబట్టి మీ ఆర్టీఏలో అడిగి తెలుసుకోండి. రెండోదాన్ని బట్టి రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. రద్దయిందో లేదో నెల తర్వాత మీ నంబరు కొట్టి మీరే చూసుకోండి.

నాన్నగారి చేతక్ స్కూటర్ లాంటివి ఉంటాయి, అమ్మడానికి చేతులు రావు. ఉంచుకోండి, తప్పులేదు, కానీ ఆర్సీ వారసుల పేరుకి మార్పించాలి. ఓనర్ చనిపోయిన 30 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేసి, మూడు నెలల్లో దరఖాస్తు చేయాలన్నది రూలు. ఆలస్యమైందని మానేయకండి. 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద మన దగ్గర నిషేధం లేదు. ఫిట్‌నెస్ ఉంటే, గ్రీన్ ట్యాక్స్ కడితే ఐదేళ్ల చొప్పున రెన్యువల్ చేస్తారు.

బండి ఇచ్చేముందు ఫాస్టాగ్ అకౌంట్ మూసేసి డిపాజిట్ వెనక్కి తీసుకోండి. ఇన్సూరెన్స్‌లో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఉంటే కంపెనీ నుంచి లెటర్ అడగండి. అది మూడేళ్లపాటు చెల్లుతుంది, కొత్త కారు పాలసీలో వాడుకోవచ్చు.