పసిఫిక్ దీవుల పాత భాష కోసం – 3వ పాఠం: టోంగన్‌లో జారిపోయిన ‘ర’

పోయినసారి టోంగన్, సమోవన్, మావోరి, హవాయియన్ మాటలు ఇదే వరసలో రాసుకున్నాం కదా, ఆ నోటుబుక్కు తీయండి. ఈ నాలుగూ ఒకే మూలభాష నుంచి పుట్టిన పాలినీషియన్ భాషలు; వీటి మాటలు పోల్చి ఆ మూలభాష మాటలు కట్టడమే మన పని. ఇల్లు: ఫలె, ఫలె, ఫరె, హలె. ఆకాశం: లఙి, లఙి, రఙి, లని (ఙ అంటే వాఙ్మయంలో పలికేదే). మావోరీలో ల కాస్తా ర అయింది, హవాయియన్‌లో ఫ పోయి హ వచ్చింది. మన పాలు కన్నడంలో హాలు, పులి హులి అయినట్టన్నమాట, ఒక్క మాటకి కాదు, వరసపెట్టి.

ఇవాళ అసలు చిక్కు.

మూడు: తొలు, తొలు, తొరు, కొలు.
రెండు: ఉఅ, లుఅ, రుఅ, లుఅ.

హవాయియన్‌లో త ఎప్పుడూ క అవుతుంది, దాన్ని వదిలేయండి. ‘రెండు’ దగ్గర నేను మొదట్లో ఓట్లు లెక్కపెట్టాను. రెండు భాషల్లో ల ఉంది, మావోరి ర ఎలాగూ ల నుంచే వస్తుంది, కాబట్టి పాత మాట *లుఅ అని రాసేసి, అదే లెక్కన రెండు పేజీలు నింపి, తర్వాత అన్నీ కొట్టేసుకున్నాను. (ముందు నక్షత్రం పెడితే ఎక్కడా రాసి లేదు, మనం ఊహించి కట్టిన రూపం అని గుర్తు.)

తప్పెక్కడ? టోంగన్‌లో ‘మూడు’లో ల నిక్షేపంగా ఉంది, ‘ఇల్లు’లో ఉంది, ‘ఆకాశం’లో మాట మొదట్లోనే ఉంది. మరి ‘రెండు’ మొదట్లో మాత్రం ఎందుకు పోయింది? ఒకే శబ్దం ఒకచోట నిలిచి ఇంకోచోట పోవాలంటే కారణం చూపించాలి, ఇక్కడ చూపించలేం. అంటే అవి మొదట్నుంచీ రెండు వేరు శబ్దాలు. మిగతా మూడు భాషలు రెంటినీ కలిపేశాయి, టోంగన్ ఒకదాన్ని పారేసింది, కానీ ఆ పారేయడంలోనే తేడా మనకి కనిపించేలా మిగిలింది.

ఆ పోయింది ర అని ఎలా చెప్తాం? పొరుగు సాక్షిని పిలవాలి. ఫిజీ దీవుల ఫిజియన్ ఈ నాలుగింటిలా పాలినీషియన్ భాష కాదు, వాటికి దగ్గరి చుట్టం. అందులో రెండు రుఅ, మూడు తొలు. అందుకే మూలభాషలో *రుఅ, *తొలు. (రుఅకీ మన రెండుకీ చుట్టరికం కలపకండి, అది ఉత్త కాకతాళీయం!)

దీంతోనే కొమ్మలు కూడా విడదీయొచ్చు. ర పారేసినవి టోంగన్, నియువేయన్ (నియువే దీవి భాష) ఒక కొమ్మ, ర-ల కలిపేసినవి ఇంకో కొమ్మ. తహీషియన్, మావోరి ఈ రెండోదానిలోవే. అందుకే 1769లో ఇంగ్లీషు నావికుడు కుక్ ఓడ ఎక్కి న్యూజిలాండ్ చేరిన టుపాయియా, తహీతికి దగ్గర్లోని రయాటెయా దీవివాడు, అక్కడి మావోరీలతో మాట్లాడగలిగాడు.

ఇంటిపని రెండు మాటలు. వినడం: ఒఙొ, లొఙొ, రొఙొ, లొనొ. పాత రూపం కట్టండి, ఐదు నిమిషాల పని. రెండోది అయిదు: నిమ, లిమ, రిమ, లిమ. ఇక్కడ టోంగన్ మన నియమాలు రెండూ (ల నిలుస్తుంది, ర పోతుంది) తప్పింది. ఫిజియన్‌లో లిమ అని మాత్రం చెప్తాను. ఈ ఒక్క మాట కోసం మూలభాషకి ఇంకో కొత్త శబ్దం కల్పించాలా, వద్దా? మీ జవాబు కారణంతో సహా రాసి పెట్టుకోండి, 4వ పాఠం అక్కడే మొదలుపెడదాం.