ఇంట్లో కూరగాయల వాడకం ఎక్కడ తగ్గుతున్నదో తెలుసుకునే పద్ధతి

నల్లగొండ ప్రకాశం బజారు నుంచి సంచి నిండా కూరగాయలు తెచ్చుకునే ఇంట్లో కూడా తినవలసినంత తినకపోవచ్చు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2000 కేలరీల రోజువారీ భోజనంలో ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలుండాలి; అంటే నలుగురు పెద్దలకు వారానికి దాదాపు 11 కిలోలు.

ముందుగా ఒక వారం లెక్క రాయండి. కొన్న బరువు కాకుండా, తొడిమలు, వేర్లు, ముదురు కాడలు తీసేసిన తరువాతి బరువును రాయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆలుగడ్డను ఈ లెక్కలో చేర్చదు కనుక మీరూ చేర్చవద్దు. అర కిలో బెండకాయలు వేయిస్తే చిన్న గిన్నెడే అవుతాయి. నలుగురు పంచుకుంటే పచ్చి బరువులో తలా 125 గ్రాములైనా రావు, పైగా అదే కూరను రెండు పూటలకు సర్దుకునే ఇళ్లే ఎక్కువ.

తక్కువ తేలితే అందరూ మొదట ధరనే తప్పుపడతారు. ఎండాకాలం చివర టమాట ధర పెరిగినప్పుడు అది నిజమే. అప్పుడు పులుపుకు చింతపండు వాడి, ఆ డబ్బుతో సొరకాయో దోసకాయో తెచ్చుకోవచ్చు. అయితే ధరలు దిగిన వారాల్లోనూ మీ సంచి బరువు పెరగలేదంటే కారణం వేరే ఉన్నట్టు.

నా అంచనాలో చాలా ఇళ్లలో ఆ కారణం తరిగేవారికి తీరిక లేకపోవడమే. గోకరకాయల పీచు తీయడానికి, వానకాలంలో వచ్చే గంగవాయిలి కూరను మట్టి పోయేదాకా కడగడానికి పట్టే సమయం ఉద్యోగానికి వెళ్లే మనిషికి పొద్దున దొరకదు. ఆ పనిని రాత్రి టీవీ ముందు కూర్చునేవారికి పంచండి. వారానికి ఒకసారే కొనేవారు మొదటి రెండు రోజుల్లో ఆకుకూరలు, తరువాత బెండకాయ, వంకాయ, చివరికి సొరకాయ, క్యాబేజీ వండుకుంటే పారవేసేది తగ్గుతుంది.

లెక్కలో ఒక్కొక్కరికి ఒక్కో వరుస పెట్టండి. వండిన ఇల్లాలు అందరికీ వడ్డించి, ఆఖరున గిన్నె అడుగున మిగిలినదానితోనో, తొక్కుతోనో తినే ఇంట్లో మొత్తం 11 కిలోలకు చేరినా ఆమె వరుస ఖాళీగానే కనబడుతుంది. అక్కడ చేయవలసిందల్లా ఆమె కూరను ముందే వేరే గిన్నెలోకి తీసి పెట్టడం.