ట్రావెల్ గిటార్ అమ్మేముందు తీగలు మార్చండి

కొన్నాక పెద్దగా వాయించని ట్రావెల్ సైజ్ గిటార్‌ని అమ్మాలనుకుంటే ముందు పాత తీగలు తీసేసి కొత్త సెట్ వేయండి. గిటార్ ఊరికే మూలనున్నా గాలిలోని తేమకి తీగలు తుప్పు పట్టి శబ్దం మొద్దుబారుతుంది. చిన్న బాడీలో బేస్ ఎలాగూ తక్కువే, అందుకే ఆ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది. కొత్త తీగలు సాగి కుదురుకోవడానికి ఒకట్రెండు రోజులు పడుతుంది. కొనేవాళ్లు వచ్చే రోజే మారిస్తే వాళ్ల చేతిలోనే శ్రుతి జారిపోతుంది, గిటార్‌లోనే లోపం ఉందనుకుంటారు.

ప్రకటనలో స్కేల్ లెంగ్త్ (తీగ మోగే భాగం పొడవు) తప్పకుండా రాయండి. మామూలు గిటార్లకు సుమారు 25 అంగుళాలు, ఇలాంటి చాలావాటికి 22 నుంచి 24. పిల్లల కోసం వెతికేవాళ్లకి ఆ అంకె చాలా ముఖ్యం. పై చెక్క సాలిడా (పొరలు లేని చెక్క), లామినేటా (పొరలు అతికించినది) అన్నది కూడా చెప్పండి. ఫొటోల్లో ఫ్రెట్‌లు (మెడ మీది లోహపు గీతలు), సౌండ్‌హోల్ లోపలి లేబుల్, బ్రిడ్జి (తీగల్ని బాడీకి పట్టి ఉంచే చెక్క) వెనక అంచు దగ్గరగా కనిపించాలి. బ్రిడ్జి లేచిందేమోనన్నదే చాలామంది భయం. చిన్న గీత ఉన్నా దాచొద్దు.

కొరియర్‌లో పంపేటప్పుడు తీగలు కొంచెం వదులు చేసి, హెడ్‌స్టాక్ (తీగలు బిగించే మరలుండే మెడ చివర) కదలకుండా చుట్టూ మెత్తటి గుడ్డ కుక్కండి. మెడ ఎక్కువగా విరిగేది అక్కడే.