అప్పుడప్పుడు నడిపే పాత బండికి బీమా – మూడో పాఠం: విలువ ముందే రాయించుకోవడం

రెండో పాఠంలో ఆర్సీ సంగతి చూశాం. పేరు మార్పిడి, గడువు తీరిన రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఇంకా కానివాళ్లు ముందు అవి ముగించి రండి. బండి తాతగారి పేరు మీద, బీమా మనవడి పేరు మీద ఉంటే క్లెయిము రోజున వచ్చే మొదటి చిక్కు అదే.

ఈసారి నేర్చుకునేది ఒకే పని: మీ బండి విలువను సరిగ్గా లెక్కగట్టి, నష్టం జరగకముందే పాలసీ మీద రాయించడం. ఈ పాఠాలన్నిటిలో ఒక్కటే చదివే తీరిక ఉన్నవాళ్లకు నేను ఇదే ఇస్తాను.

ముందు ఒక అపోహ తొలగించాలి. ‘నెలకు రెండుసార్లు తీసే బండికి థర్డ్ పార్టీ చాలు’ అని చాలామంది అంటారు. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం బహిరంగ ప్రదేశంలో వాహనం వాడాలంటే థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. కానీ అది అవతలివారి నష్టానికే. తక్కువ నడిపితే ఢీకొట్టే ప్రమాదం తగ్గుతుంది గానీ, నిలిపి ఉంచిన బండికి ఉండే ప్రమాదాలు తగ్గవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు చెట్లు, రేకులు, గోడలు కదలకుండా నిలబెట్టిన బండ్ల మీదే కూలాయి. తుపాను, వరద, అగ్ని, దొంగతనం సొంత నష్టం భాగం ఉన్న పాలసీలోనే ఉంటాయి. సముద్రం పక్కన పాత బండి పెట్టుకున్నవాళ్లు ఆ భాగం వదులుకోకూడదు.

ఆ భాగానికి ప్రాణం ఐడీవీ, అంటే పాలసీలో రాసిన బండి విలువ. బండి పూర్తిగా పోతే అందే గరిష్ఠ మొత్తం అదే. కొత్త బండికి ఏటా ఎంత తరుగు తీయాలో పట్టిక ఉంది. అయిదేళ్లు దాటిన బండికి, తయారీ ఆగిపోయిన మోడలుకు ఆ పట్టిక వర్తించదు. విలువను బీమా సంస్థ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించాలి. చాలామంది ఆ మాట్లాడుకోవడమే చేయరు. ఏజెంటు కంప్యూటరులో కనిపించిన అంకె వేస్తాడు, ప్రీమియం తక్కువ వచ్చిందని యజమాని సంతోషిస్తాడు.

ఆ సంతోషం ఖరీదు ఎంతో లెక్క వేద్దాం. పెదవాల్తేరులో ఒక ఇంటి వెనుక రేకుల షెడ్డులో 1968 నాటి ఫియట్ 1100 ఉందనుకోండి. ఆదివారం పొద్దున బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా వెళ్లి వస్తుంది. కొనేవాళ్లు 6 లక్షలు ఇస్తామంటున్నారు. పాలసీలో ఉన్నది 60 వేలు. గాలివానకు కొబ్బరిచెట్టు బానెట్ మీద పడింది. మరమ్మతు బిల్లు 1,20,000: లోహపు భాగాలు 60 వేలు, రబ్బరు సామాను 10 వేలు, అద్దాలు 8 వేలు, కూలి 42 వేలు.

పదేళ్లు దాటిన బండికి లోహపు భాగాల మీద 50 శాతం తరుగు తీస్తారు. రబ్బరుకూ అంతే. అద్దాలకు, కూలికి తరుగు లేదు. అంటే 30 వేలు, 5 వేలు, 8 వేలు, 42 వేలు కలిపి 85 వేలు. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి కోత, అంటే ప్రతి క్లెయిములో యజమానే భరించాల్సిన మొత్తం, వెయ్యి పోగా 84 వేలు రావాలి.

పాలసీలో 6 లక్షలు రాసి ఉంటే ఆ 84 వేలు వస్తాయి. 60 వేలే ఉంటే కథ వేరు. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం, అంటే ఇక్కడ 45 వేలు, దాటితే బండి మొత్తం పోయినట్టే లెక్క. మీకు 60 వేలకు మించి రాదు. బండిని ఉంచుకుంటానంటే తుక్కు విలువ కూడా అందులోంచి తీసేస్తారు. బాగుచేయగలిగిన కారు కాగితం మీద తుక్కయిపోతుంది. ఈ లెక్కను మీ బండి అంకెలతో ఒకసారి వేసి చూడండి, తర్వాతే ముందుకు చదవండి.

ఇక 6 లక్షలని బీమా సంస్థను ఒప్పించడం ఎలా? నోటిమాటకు విలువ లేదు, రుజువుల కట్ట కావాలి. మొదటిది చాసిస్ (బండి చట్రం) నంబరు అచ్చు. నంబరు చెక్కిన చోట నూనెమురికి కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరాక పలుచని తెల్ల కాగితం అదిమిపట్టి, మెత్తని పెన్సిలును పడుకోబెట్టి ఒకే దిశలో రుద్దండి. అంకెలు తెల్లగా తేలతాయి. ఆర్సీలోని నంబరుతో అక్షరం అక్షరం సరిచూడండి. ఒక అంకె తుప్పులో కలిసిపోయి తేలకపోతే దాన్ని మీరు దిద్దవద్దు. ఆర్టీఓ కార్యాలయంలో అడగండి.

రెండోది ఫొటోలు. మెరిసే రంగును అందరూ తీస్తారు. మీరు నేల మీద పడుకుని అడుగుభాగం తీయండి, తలుపుల కింది అంచులు, చక్రాల పైకప్పులు తీయండి. మన ఉప్పుగాలికి తుప్పు మొదలయ్యేది అక్కడే. తుప్పు, అరుగుదల బీమాలోకి రావు. పాత తుప్పు ఎంతవరకు ఉందో తేదీతో సహా ఫొటో ఉంటే, కొత్త సొట్టను కూడా పాత తుప్పు ఖాతాలో వేసే వాదన నిలవదు.

బిల్లులు సరే, అన్నీ దాచండి. వాటికన్నా బరువైనది లైసెన్సు ఉన్న బీమా సర్వేయరు రాసిచ్చే విలువ నివేదిక. దాని రుసుము దండగ అనుకోకండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పాత మోటారు టారిఫ్ నిబంధనల్లో, అంటే వాహన బీమా షరతులు, ధరలు నిర్దేశించిన పుస్తకంలో, ముందే ఒప్పుకున్న విలువను నష్టం రోజున మళ్లీ బేరం లేకుండా చెల్లించే పాలసీ 1940 డిసెంబరు 31కి ముందు తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా ధ్రువీకరించిన కార్లకే. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల్లో మాత్రం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని సొంత వాడకపు ద్విచక్ర, నాలుగు చక్రాల బండ్లన్నీ వింటేజ్. మన ఫియట్ రెండో లెక్కలో వింటేజ్, మొదటి లెక్కలో కాదు. కాబట్టి ‘మీరు ఇచ్చేది ఒప్పుకున్న విలువ పాలసీయా, మాట్లాడుకున్న ఐడీవీయా?’ అని రాతపూర్వకంగా అడిగి, రాతలోనే జవాబు తీసుకోండి.

వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకుంటే థర్డ్ పార్టీ ప్రీమియం సగం అవుతుందన్న మాట కార్లకు నిజం. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ధరల్లో 1000–1500 సీసీ కారుకు 3,416 రూపాయలు; సగమంటే 1,708. కానీ ఆ రిజిస్ట్రేషన్ రుసుము 20 వేలు, గడువు పదేళ్లు. పదేళ్లలో మిగిలేది 17,080. జీఎస్టీ కలిపినా ఇంచుమించు కట్టిన రుసుమే తిరిగొస్తుంది. పైగా ఆ నంబరుతో రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శన, ర్యాలీ, ఇంధనం, మరమ్మతు వంటి వాటికే అనుమతి. బండి గౌరవం కోసం తీసుకుంటే తీసుకోండి, రాయితీ కోసం వద్దు.

వాడకం గురించి ఒక్క హెచ్చరిక. పెళ్లి ఊరేగింపుకో సినిమా షూటింగుకో డబ్బు తీసుకుని ఇస్తే అది అద్దె వాడకం. సొంత వాహన పాలసీ దాన్ని ఒప్పుకోదు. పందేలు, వేగపరీక్షలు, రిలయబిలిటీ ట్రయల్స్ కూడా బయటే. ర్యాలీకి వెళ్లే ముందు దానికి విడిగా ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జతచేసే అదనపు రాత, అడగండి.

అభ్యాసం: వచ్చే పాఠంలోగా మీ బండి చాసిస్ అచ్చు, అడుగుభాగం ఫొటోలు, బిల్లులు ఒక ఫైలులో పెట్టండి. ప్రస్తుత పాలసీలో ఐడీవీ ఎంతో చూసి, అందులో 75 శాతం ఎంతో పక్కన రాయండి. తర్వాత మీ మెకానిక్‌ను పిలిచి, బానెట్, ముందు అద్దం, ఒక తలుపు మారిస్తే ఎంతవుతుందో అంచనా రాయించుకోండి. తరుగు తీశాక కూడా ఆ అంచనా 75 శాతం అంకెను దాటుతుంటే, పాలసీ గడువు తీరేదాకా ఆగకుండా ఐడీవీ పెంచమని ఈ వారమే ఉత్తరం రాయండి.